మూడో పని

నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
చేటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది మాయమ్మ.
అందుకే నేను తవుడు.
అది నా మొదటి ధర.
రెండోది పదిహేడో ఏట, నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర
మేస్త్రీ నా పిక్కలు చూసి చెప్పాడు.
కాగితాలేవీ అడగలేదు.

ఆ వయసుకి ఆ పని సరిపోయింది, అబద్ధమెందుకు.
నిండిన కండెలు లాగి ఖాళీవి తొడగాలి,
మిషను ఊపిరి పీల్చుకునే ఆ కాస్తలోనే.
కాళ్లు తప్ప ఇంకేం లేనివాడికి
కాళ్లడిగే పని దొరకడం అదృష్టమే.
తెల్లారగట్ల సైకిలు మీద చంపావతి దాటుతుంటే
ఒంటినిండా జనపనార వాసన,
జేబులో వారం కూలి,
మిల్లు కూత నన్నొక్కణ్ణే పిలుస్తున్నట్టుండేది.

ముప్పైరెండులో మగ్గాలకి మార్చారు.
పరుగు తగ్గింది. వేళ్లకి కళ్లొచ్చాయి.
తెగిన పోగుని చూడకుండా దొరకబుచ్చుకుని
చూడకుండా ముడేసేవాణ్ణి.
ఆ ఏళ్లలోనే ఎడమ చెవి పోయింది,
ఏ షిఫ్టులో పోయిందో చెప్పలేను.
మా అసిరమ్మ మాత్రం
నీకు కావలసినప్పుడే పోతాదది అంటుంది.

యాభై ఒకటి.
గేటుకి తాళం, తాళం పక్కన కాగితం.
ఇలాంటి తాళాలు ఇదివరకూ చూశాం,
నాలుగు నెలలకో ఆరు నెలలకో తీసేవారు.
ఈసారి తాళానికి తుప్పు పట్టింది,
తుప్పు మీద సాలీడు మగ్గం పెట్టింది.

బావమరిది విశాఖలో వాచ్‌మన్ పనుందన్నాడు.
అలికిడి వినబడనివాణ్ణి ఏ అపార్టుమెంటు కాపలా పెట్టుకుంటుంది?
ఎరుకునాయుడు ఆటో కొనమన్నాడు, అప్పు తనే ఇస్తాడట.
విజయనగరంలో ఒకాఫీసు కుర్రాడు
కంప్యూటరు వైపే చూస్తూ "మీకొచ్చిన పనేంటి" అన్నాడు.
ముడి, అన్నాను.
ఆ గడిలో ఏం కొట్టాడో తెలీదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఝాన్సీ అడిగింది,
ఇంటరైపోయింది, నర్సింగుకెళ్లనా డిగ్రీకెళ్లనా అని.
పెద్దమనిషి గొంతు తెచ్చుకున్నాను.
"ఈడుకో పనుంటాదే గుంటా.
నీ ఈడుకి ఒంటినడిగే పనైనా పర్లేదు,
దాంట్లో నేర్సుకోడానికేటైనా ఉండాల.
నడీడుకి ఆ నేర్సుకున్నదాన్ని అడిగే పని.
మరి నా ఈడుకి..."
అక్కడ ముద్ద అడ్డం పడింది.

"మరి నాకో?"
పొయ్యి దగ్గర్నుంచి అసిరమ్మ.
"పదమూడేళ్లకి ఇటికల బట్టీ.
నువ్వు పుట్టేక నెల తిరక్కుండా బట్టీ.
నలభై ఏడొచ్చీసినా అదే బట్టీ.
ఏ ఈడుకి ఏ పనో నన్నెవులడిగినారు?"
నా ఎడమ చెవి వైపే కూచుంది.
అయినా వినబడింది.

మూడోనాడు మధ్యాహ్నం ఎవరిదో సైకిలు వెనక కట్టించుకుని
రైసుమిల్లు నుంచి చిరిగిన గోనెల కట్ట తెచ్చింది.
బట్టీ మానీసినాను, అంది,
కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.
"సంచికింతని ఇస్తారట. కూకుని సేసుకోవచ్చు.
నాను కుడతాను, ముడి నువ్వు సెప్పు."

మొదటి గోనె విప్పి చూస్తే నీలిగీత.
మా మిల్లుదే.
ఎలకలు కొరికిన చోట ఎన్ని బస్తాల ధాన్యం కారిపోయిందో.
నా మగ్గం మీద పుట్టిందే అయ్యుంటుంది, కాకపోయినా ఉండొచ్చు,
మగ్గానికి తన సంచులు గుర్తుండవు.
వేళ్లు మాత్రం తెగిన చోటుకి వాటంతటవే వెళ్లాయి.
ఆవిడ దబ్బనం దించేసి అరిచింది,
"నెమ్మది! నీ మిల్లు కాదిది."
ఇరవై సంచులకి రెండు రోజులు పట్టింది.
లెక్క చూస్తే కూలి గిట్టలేదు.
ఆవిడ లెక్క చూడనివ్వలేదు.

ఝాన్సీ గుమ్మంలో నర్సింగు దరఖాస్తు నింపుతోంది.
"నాన్నా, నీ వృత్తేటని రాయను?
అమ్మదీ అడిగినారు."
నేను నోరు తెరిచేలోగా
పురికొస పళ్ల మధ్య పట్టుకునే అసిరమ్మ చెయ్యెత్తింది:
"ఉండే, నన్ను ఆలోసించుకోనీ."